మడ్డి తీసే మాస్టారు

గత నెలలో ఒకరోజు నందిగామలో నా కారు క్లచ్చి పట్టేసింది. మా కాలేజీకి దగ్గర్లోనే ఉన్న షెడ్డుకి నెట్టించుకుని వెళ్ళాను. మెకానిక్కు పెద్దవయసు మనిషి. క్లచ్చి పని చూస్తూ చూస్తూ, ఎందుకో ఇంజను మీద నూనె పోసే మూత కూడా విప్పాడు. ఫోను లైటు వేసి లోపలికి తొంగి చూశాడు. మూత అడుగున వేలితో రాసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. పదకొండేళ్ళ బండి లోపల ఇంత శుభ్రంగా ఉండటం తను చూడలేదని, ఏ షెడ్డులో చేయిస్తున్నారని అడిగాడు.

ఇంజనాయిలు నేనే మార్చుకుంటానని, మా వీధిలో ఒక మాస్టారు నేర్పించారని చెప్పాను.

“ఆయన్ని ఒకసారి ఇటు తీసుకురండి మేడం. పరిచయం చేసుకుంటా,” అన్నాడు.

మాస్టారు పోయి అప్పటికి నాలుగు నెలలు. అయినా అలాగేనండి అన్నాను. జగ్గయ్యపేట చేరేదాకా దారిలో ఆయన తప్ప ఇంకో ఆలోచన లేదు.

మేము జగ్గయ్యపేటలో అద్దెకు దిగిన వీధిలో చివరి ఇల్లు ఆయనది. ఎలిమెంటరీ స్కూల్లో పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పుట్టింది చందర్లపాడు దగ్గర ఒక పల్లెలో. భార్య పోయింది, ఒక్కతే కూతురు, ఖమ్మంలో కాపురం. వీధిలో వాళ్ళకి తెలిసింది అంతే. నేను ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు మొహం కనిపించలేదు. ఆయన తెల్లకారు కింద నుంచి బయటికి వచ్చిన రెండు కాళ్ళు మాత్రం కనిపించాయి. పాదాలకి ఉతికిన సాక్సులు ఉన్నాయి. కారు కింద దూరేవాళ్ళు సాక్సులు వేసుకోవటం నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళొచ్చాక ఆయన పని మొదలయ్యేది. ఇస్త్రీ చొక్కా విప్పి దండెం మీద వేసి, బడికి వేసుకెళ్ళిన పాత చొక్కాల్లో ఒకటి తొడుక్కునేవారు. కారు బానెట్టు ఎత్తి, నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి దించి తీసేవారు. పుల్ల చివరన ఉన్న నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసేవారు. వాసన చూసేవారు. తర్వాత చింపిన నోటుపుస్తకం కాగితం మీద ఒక్క బొట్టు వేసి, గోడ మీద ఎండలో పెట్టేవారు. అరగంట పోయాక ఆ బొట్టు ఎంత దూరం పాకిందో, మధ్యలో ఎంత నల్లగా నిలిచిందో వంగి వంగి చూసుకునేవారు. దిద్దటానికి పిల్లవాడి పలక చేతిలోకి తీసుకున్నట్టే ఉండేది ఆ చూపు.

వారం వారం పుల్ల చూడటం, మూడు నెలలకోసారి నూనె మార్చటం. అసలు ఆయన ఆ కారు ఎక్కి వెళ్ళేది చర్చికీ, పెన్షను పనులకీ, ఎప్పుడైనా పెనుగంచిప్రోలులో ఉన్న స్నేహితుడి ఇంటికీ. అంత కొద్దిగా తిరిగే బండికి అన్నిసార్లు నూనె మార్చటం చూసి వీధిలో నవ్వుకునేవాళ్ళు. మాస్టారు బండికి స్నానం చేయిస్తున్నారు అని మా ఎదురింటావిడ అనేది. ఆయన విన్నా విననట్టే ఉండేవారు.

నేను కారు కొన్నది నందిగామ కాలేజీలో ఉద్యోగం వచ్చిన రెండో ఏడు. హైవే మీద స్కూటరు మీద రోజూ అంత దూరం వద్దని ఇంట్లో పట్టుబడితే, ఒక సెకండ్‌హ్యాండు బండి తీసుకున్నాం. వీధిలోకి తెచ్చిన రోజే మాస్టారు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అంతకు ముందు ఆయన మాతో మాట్లాడింది లేదు. ఇంజను ఆపొద్దని చెయ్యి చూపించి, తల పక్కకి వంచి కాసేపు విన్నారు. పైన మూత ఒకసారి విప్పమన్నారు. మూత అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంది, రోడ్డు వేసే తారు ఎండలో మెత్తబడ్డట్టు. ఆయన మొహం ఒక్కసారిగా వాడిపోయింది. అది చూసి నాకు కంగారు పుట్టింది.

“ఈ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని దూరం వెళ్ళమాక అమ్మాయ్. నేను చెప్పేదాకా ఆగు,” అన్నారు.

అమ్మినవాళ్ళు మోసం చేశారేమో, తిరిగి ఇచ్చేద్దామా అని మావారు కంగారుపడ్డారు. అక్కర్లేదు, బాగవుతుందన్నారు మాస్టారు. అయితే షెడ్డులో ఎవరో చెప్పినట్టు డీజిలు పోసి తిప్పితే ఒక్క గంటలో కడుక్కుపోతుంది కదా అని నేను అంటే తల అడ్డంగా ఊపారు. ఏళ్ళ తరబడి పట్టిన మడ్డిని ఒక్కసారిగా కదిలిస్తే అది పెళ్ళలు పెళ్ళలుగా ఊడి, అడుగున నూనె పీల్చే జల్లెడకి అడ్డం పడుతుందట. అప్పుడు నూనె ఉండి కూడా పైకి ఎక్కదు, ఇంజను ఎండిపోయి పట్టేస్తుంది. మంచి నూనె పోసి, కొద్దిగా తిప్పి, త్వరగా తీసేసి, మళ్ళీ మంచి నూనె పోయాలి. అలా అయిదారుసార్లు చెయ్యాలి. నెమ్మదిగా కరిగేదాన్ని నెమ్మదిగానే కరగనివ్వాలన్నారు.

ఆ పని ఆయన నాకు చేసిపెట్టలేదు. నా చేత చేయించారు. ఇంజనుని కాసేపు తిప్పి గోరువెచ్చగా చెయ్యటం, ముందు చక్రాలు ఎత్తు చెక్కల మీదికి ఎక్కించి వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టటం, కింద పళ్ళెం పెట్టి పానాతో నట్టు విప్పటం, నల్లటి నూనె ధారగా పడి చుక్కలు చుక్కలై ఆగిపోయేదాకా ఓపిగ్గా కూర్చోవటం. మొదటిసారి నట్టు తిరిగి బిగించేటప్పుడు నేను బలం కొద్దీ లాగాను. కారు అవతల నుంచే ఆయనకి తెలిసిపోయింది. చాలు అన్నారు. అంత గట్టిగా బిగిస్తే మర పోతుందని, చెయ్యి ఆగిన చోట ఇంకో పావు తిప్పు చాలని చెప్పారు. కొత్త ఫిల్టరు రబ్బరుకి వేలితో కాస్త నూనె రాయమన్నారు. అంతా అయ్యాక ఇంజను తిప్పి, ఆపి, నూనె అడుక్కి దిగేదాకా ఆగి, అప్పుడు పుల్ల చూడమన్నారు. తొందరపడి చూస్తే అబద్ధం చెబుతుందనేవారు. తీసిన పాత నూనెని కాలవలో పోయనిచ్చేవారు కాదు. డబ్బాలో పట్టి, సెంట్రింగు చెక్కలకి పూసుకునే మేస్త్రీకి ఇచ్చేవారు.

నల్లగా వచ్చిన నూనె చూసి నేను ఒకసారి ఛీ అన్నాను.

“నల్లబడితే తప్పు లేదమ్మా. మురికి తను పట్టుకుంది కాబట్టే నల్లబడింది. దాన్ని అట్టాగే వదిలేసినోళ్ళది తప్పు,” అన్నారు.

ఆరు నెలలు పట్టింది. మూత అడుగున లోహం రంగు కనిపించిన రోజున ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఇక పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు అని మాత్రం చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు.

ఆయన గురించి వీధిలో వాళ్ళు నవ్వుకున్నంతకాలం బాగానే ఉంది. ఒకరోజు పొద్దున్న నవ్వులాట కాస్తా గొడవైంది. మా వీధి మొదట్లో స్కూలు వ్యాను ఆగి పిల్లల్ని ఎక్కించుకుంటోంది. మాస్టారు పాలప్యాకెట్టు పట్టుకుని అటుగా వస్తూ, డ్రైవరు పక్క కిటికీలోంచి లోపలికి చూశారు. మీటర్ల పలక మీద, ఇంజనుకి నూనె అందటం లేదని చెప్పే గుర్తు ఎర్రగా వెలుగుతోంది. ఇంజను ఆపమన్నారు. టైమైపోయిందని, అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందని డ్రైవరు అన్నాడు. ఆ మాట ఆయన్ని ఏం చేసిందో గానీ, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి లాక్కున్నారు.

నేను కాలేజీకి బయల్దేరుతూ ఆ గోల విని వెళ్ళేసరికి జనం మూగి ఉన్నారు. డ్రైవరు ఆయన చొక్కా పట్టుకుని ఉన్నాడు. మాస్టారు గుప్పిట విప్పటం లేదు. పుల్ల తీసి చూపించు, ఇస్తాను అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నారు. పిల్లల తల్లులు కొందరు డ్రైవరుని, కొందరు ఈయన్ని తిడుతున్నారు. చివరికి ఎవరో సర్ది చెప్పి వ్యాను సీటు కింద మూత ఎత్తించి, పుల్ల తీయించారు. నూనె నిండుగా ఉంది. నూనె రంగు కూడా బాగుంది, మార్చి వారం అయిందట. లైటుకి వెళ్ళే తీగ ఎక్కడో పాడైంది, అంతే.

మాస్టారు ఆ పుల్లని రెండుసార్లు చూశారు. తాళం ఇచ్చేశారు. ఆ కుర్ర డ్రైవరుకి రెండు చేతులూ జోడించి తప్పైపోయిందన్నారు. ఎవరో ముసలాయనకి పిచ్చి ముదిరిందన్నారు. చొక్కా గుండీ ఊడిపోయి వేలాడుతోంది. పాలప్యాకెట్టు కింద పడి పగిలింది. నేను ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. కాలేజీకి ఆలస్యమవుతుందని తెలిసీ కూర్చున్నాను. మంచినీళ్ళు తాగాక, నేను అడక్కుండానే చెప్పారు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆయన భార్య అంగన్‌వాడీలో పనిచేసేది. గుండెజబ్బు మనిషి. ఒకరోజు ఉదయం ఆయాసం ఎక్కువైతే నందిగామలో చూపించారు, వెంటనే విజయవాడ తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సు కోసం ఆగేకంటే సొంత కారు ఉంది కదా అని బయల్దేరారు. పుట్టింటికి వచ్చి ఉన్న కూతురు వెనక సీట్లో తల్లిని పట్టుకుని కూర్చుంది. అప్పటికి ఆ కారుకి నూనె మార్చి రెండేళ్ళు. తగ్గినప్పుడల్లా పైన కాస్త పోయటం, అంతే. కీసర వంతెన దాటకముందే ఇంజను గట్టిగా ఒక చప్పుడు చేసి పట్టేసింది. మిట్టమధ్యాహ్నం. వచ్చే పోయే బండ్లకి చేతులెత్తి అడిగితే, చివరికి మిరపకాయ బస్తాలు వేసుకెళ్ళే ట్రాలీ ఆగింది. ఆ బస్తాల మధ్య పడుకోబెట్టారు. ఆసుపత్రి చేరేసరికి ఆమె లేదు. ముందు వచ్చి ఉంటే బతికేదా అని ఆయన డాక్టరుని అడిగారు. చెప్పలేమండి అన్నాడట డాక్టరు. బతికేది కాదని ఆయనైనా అబద్ధం చెప్పి ఉండొచ్చు కదమ్మా అని మాస్టారు నన్ను అడిగారు.

సమాధి చేసి వచ్చాక కారుని ఇంటికి లాగించుకొచ్చి, మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే ఇంజను అడుగు విప్పారు. జల్లెడ నిండా మడ్డి. చెంచాతో తీశానన్నారు. ఇంజను బాగు చేయించి, అప్పటినుంచి తన చేత్తో తప్ప ఇంకొకరి చేత నూనె మార్పించలేదు.

ఆ బండిని కళ్ళముందు ఎందుకు పెట్టుకున్నారు, అమ్మేయకపోయారా అని అడిగాను.

“అమ్మితే ఇంకోళ్ళు ఎక్కుతారు. దీని సంగతి వాళ్ళకేం తెలుసు?” అన్నారు.

కూతురు ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్ళేది. నేనూ చూశాను. బస్టాండు నుంచి ఆటోలో వచ్చేది, ఆటోలోనే వెళ్ళేది. ఆయన కారు బయటికి తీసి, తుడిచి, గేటు తెరిచి పెట్టుకుని కూర్చునేవారు. ఆమె ఆ కారు వైపు చూసేది కూడా కాదు. బ్యాగు భుజాన వేసుకుని, వెళ్ళొస్తా నాన్నా అని పక్కనుంచి వెళ్ళిపోయేది. ఆటో మలుపు తిరిగాక ఆయన గేటు మూసేవారు. కారుని మళ్ళీ లోపల పెట్టేవారు. అమ్మాయికి నా మీద కోపం తీరలేదు, తీరాల్సిన పని కూడా లేదు అని ఒకసారి నాతో అన్నారు.

వ్యాను గొడవ జరిగిన తర్వాత ఆయన వీధిలోకి రావటం తగ్గించారు. పోయిన వేసవిలో కళ్ళు పచ్చబడ్డాయి. ఆకుమందు వాడారు, తగ్గలేదు. మనిషి సగమైపోయారు. స్కాను తీయిస్తే లోపల గడ్డ ఉందన్నారు, పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. కూతురికి ఫోను చేస్తే నేరుగా విజయవాడ వస్తానంది. నా కారు తీస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన కారు తాళాలు నా చేతిలో పెట్టారు. బయల్దేరే ముందు నా చేత బానెట్టు ఎత్తించి పుల్ల చూపించమన్నారు. అంత నొప్పిలోనూ కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు.

ముందు సీట్లో నా పక్కన కూర్చున్నారు. దారిలో కిటికీలోంచి బయటికి చూడలేదు. నందిగామ దాటాం. కీసర వచ్చింది. వంతెన దగ్గర నేను కాస్త నెమ్మది చేశాను, ఆగమంటారేమోనని. పోనీ అన్నట్టు వేళ్ళు కదిపారు. వంతెన అవతలికి వెళ్ళేదాకా ఆయన చూపు నా ముందున్న మీటర్ల మీదే ఉంది. ఇంజను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఏ తేడా లేదు. అవతల గట్టు ఎక్కాక ఆయన కళ్ళు మూసుకున్నారు. రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. కూతురు పగలూ రాత్రీ పక్కనే ఉంది. ఇద్దరూ మందుల గురించీ, జావ గురించీ తప్ప మాట్లాడుకునేవారు కాదు. ఒక శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళినప్పుడు ఆమె భోజనానికి కిందికి వెళ్ళింది. మాస్టారు నన్ను దగ్గరికి రమ్మన్నారు. గొంతు పైకి రావటం లేదు. మంచం మీదికి వంగాను.

“నీకు అప్పుడు అంతా చెప్పలేదు. కీసర రాకముందే నూనె లైటు వెలిగింది. మా ఆవిడే చూసింది. రెండు సీట్ల మధ్య నుంచి చెయ్యి చాపి చూపించింది. మాట రావటం లేదు గదా, చేత్తో చూపించింది. నేను చూశా. చూసి కూడా, అది మామూలేలే అనుకుని తొక్కా.”

అప్పుడే ఆపి ఉంటే బండి బతికేది, ఇంకో బండి ఎక్కించే వ్యవధి ఉండేది అన్నారు. ఈ సంగతి కూతురికి తెలియదట. అంతా బండి ఖర్మ అనుకుంటోందని, ఆ మాత్రానికే మొహం చూడలేకపోతోందని, ఇది తెలిస్తే ఏమైపోతుందోనని ఎనిమిదేళ్ళుగా దాచుకున్నారట. నేను ఏం చెయ్యాలో చెప్పమన్నాను. ఆమె అడిగితే చెప్పమన్నారు. అడక్కపోతే వద్దన్నారు.

మంగళవారం పోయారు. చందర్లపాడు దగ్గర వాళ్ళ పల్లెలోనే, భార్య సమాధి పక్కన పెట్టారు.

మూడో రోజు ప్రార్థనకి జగ్గయ్యపేట ఇంటికి బంధువులు వచ్చారు. లోపల కుర్చీలు వేస్తున్నారు. కూతురు బయట కారు దగ్గర నిలబడి ఉంది. వెనక తలుపు మీద చెయ్యి పెట్టింది, తీయలేదు. నన్ను చూసి, మీకు నాన్న చాలా చెప్పుకునేవారు కదా అక్కా అంది. చివర్లో నా గురించి ఏమన్నా అన్నారా అని అడిగింది.

అడిగింది కాబట్టి చెప్పాను. లైటు సంగతి, ఆవిడ చెయ్యి చాపిన సంగతి, ఆయన చూసి కూడా ఆపకపోయిన సంగతి, ఆయన అన్నది అన్నట్టుగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమెకి తండ్రి మీద ఇంకా కోపం పెంచుతున్నానేమోనని మొహం వైపే చూస్తున్నాను. ఆమె మొహంలో కోపం రాలేదు. రంగు మాత్రం పోయింది.

“నాన్న చూశారా?” అంది.

చూశానన్నారని చెప్పాను.

“నాన్న చూళ్ళేదనుకున్నా అక్కా, ఇన్నేళ్ళూ. నేనొక్కదాన్నే చూశాననుకున్నా. అమ్మ చెయ్యి చాపితే, కదలమాకమ్మా అని ఆ చేతిని నేనే కిందికి దించా. ఎర్రలైటు నాకు కనపడతానే ఉంది. నాన్నకి చెప్పొచ్చు. చెప్పలా. కంగారుపడి ఎక్కడన్నా గుద్దేస్తారని భయమేసింది.”

మరి కారు ఎందుకు ఎక్కేదానివి కావు అని నేను అడగలేదు. అది తన మీద కోపమని ఆయన అనుకుంటూ పోయారనీ చెప్పలేదు. ఆమెకే అర్థమైంది. కారు టాపు మీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉంది. లోపల పాట మొదలైంది. ఎవరో పెద్దావిడ వచ్చి భుజం పట్టుకుని తీసుకెళ్ళింది.

ప్రార్థన అయిన మర్నాడు ఆమె ఖమ్మం బయల్దేరింది. కారు తీసుకెళ్తానంది. నడపటం రాదు కాబట్టి చర్చి తరఫు మనిషి ఒకాయన డ్రైవరుగా వచ్చాడు. సామాను డిక్కీలో పెట్టాక ఆమె వెనక తలుపు తీసి, లోపలికి వంగి, ఒక్క క్షణం ఆగి ఎక్కింది. ఎడమ పక్కన, కిటికీకి ఆనుకుని కూర్చుంది. పక్కన ఒక మనిషికి పట్టేంత చోటు వదిలింది. డ్రైవరు ఖమ్మం రోడ్డు వైపు బండి తిప్పబోతుంటే ఆమె ముందుకి వంగి ఏదో చెప్పింది. ఖమ్మం ఇటు కదమ్మా, మీరు చెప్పేది విజయవాడ రోడ్డు అన్నాడతను.

“తెలుసండి. ముందు కీసర దాకా పోనివ్వండి,” అంది.